షుగర్ వల్ల వచ్చే అరికాళ్ల మంటలకు వెన్నులో తీగలు పెట్టించవచ్చా?

ప్రశ్న (మర్రిగూడ నుంచి):
మా బాపుకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. రెండేళ్ల నుంచి అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండుతున్నాయని, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నానని చెబుతూ, రాత్రంతా తడిగుడ్డ చుట్టుకుని మంచం మీద కూర్చునే తెల్లవారుస్తున్నారు. నరాల నొప్పికి ఇచ్చే ప్రిగాబాలిన్, డ్యూలోక్సెటిన్ గోలీలతో మత్తు తప్ప గుణం కనిపించలేదు. వెన్నుపాము దగ్గర తీగలు అమర్చి, సన్నని కరెంటుతో నొప్పిని తగ్గించే చికిత్స ఉందని హైదరాబాద్‌లో ఒక డాక్టరు గారు చెప్పారు. దాన్ని నమ్మవచ్చా?

జవాబు (నొప్పి వైద్యుడు, హైదరాబాద్):
నమ్మదగినదే. తీగలను వెన్నుపాములోకి గుచ్చరు. దాని పొర బయట ఉండే సన్నని జాగాలోకి సూది ద్వారా పంపుతారు. మొదట బ్యాటరీని ఒంటి బయటే ఉంచి దాదాపు వారం రోజులు చూసి, నొప్పి కనీసం సగం తగ్గితేనే చర్మం కింద శాశ్వతంగా అమరుస్తారు. 2021లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ షుగర్ నరాల నొప్పికి దీన్ని ఆమోదించింది. 216 మందితో జరిగిన అధ్యయనంలో, మూడు నెలలకు నరాల పరిస్థితి దిగజారకుండా నొప్పి సగమైనా తగ్గినవారు ఈ చికిత్స పొందినవారిలో 79 శాతం, మందులతోనే ఉన్నవారిలో 5 శాతం. అయితే ఆ అధ్యయనానికి ఖర్చు పెట్టింది పరికరం తయారుచేసే కంపెనీయే. ఉత్తుత్తి యంత్రంతో పోల్చి చూడలేదు కూడా. కాబట్టి ఆ అంకెలను నేను కొంత తగ్గించి చదువుతాను.

జవాబు (నరాల వైద్యురాలు, నల్లగొండ):
మీది ఫ్లోరైడ్ బాధ ఉన్న నల్లగొండ జిల్లా మర్రిగూడ అన్నారు కాబట్టి ఒక మాట చెప్పాలి. మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు రాకముందు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగినవారిలో కొందరికి వెన్నెముకను కట్టి ఉంచే పట్టీలు (లిగమెంట్లు) గట్టిపడి ఎముకలా మారి, వెన్నుపాము ఉండే దారి ఇరుకవుతుంది. ఆ ఒత్తిడి వల్ల కూడా కాళ్లలో తిమ్మిర్లు, బిగుతు వస్తాయి. మడమ వెనుక ఉండే, పిక్క కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ మీద సుత్తితో తట్టినప్పుడు షుగర్ దెబ్బతీసిన కాలు సాధారణంగా కదలదు, వెన్నుపాము నలిగితే ఎగిరిపడుతుంది. తీగలు వెళ్లవలసింది ఆ ఇరుకు దారిలోనే కనుక ముందు వెన్నెముక మొత్తానికి ఎమ్మారై తీయించండి. షుగర్ గోలీ మెట్‌ఫార్మిన్ వాడుతుంటే విటమిన్ బి12 పరీక్ష కూడా చేయించండి. అది తగ్గినా నరాలు దెబ్బతింటాయి.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పిన వెన్ను సమస్యేనేమో, బాపు పక్కకు చూడాలంటే మెడ తిరగక ఒళ్లంతా తిప్పుతారు. మూత్రం ఇబ్బంది మాత్రం లేదు మేడమ్.

జవాబు (నొప్పి వైద్యుడు, హైదరాబాద్):
మేడమ్ గారు చెప్పిన ఎమ్మారై అయ్యాకే ముందుకు వెళ్లండి. తీగలు పెట్టాక ఎమ్మారై తీయాలంటే ఆ పరికరానికి కంపెనీ పెట్టిన షరతులకు లోబడే తీయాలి. అలాగే మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ పరీక్షలో) 10 శాతం దాటినవారిని ఆ అధ్యయనంలోకి తీసుకోలేదు; షుగర్ అదుపులో లేకపోతే కోసిన చోట చీము పట్టి, పెట్టిన యంత్రాన్నే తీసేయవలసి రావచ్చు.