యంత్రం కొలిచే పోలికలో తాలు కాయ, మేలు కాయ ఒకటెలా అయ్యాయి?

ప్రశ్న (గుంటూరు నుంచి):
మా నాన్నగారు మిర్చి యార్డులో 30 ఏళ్లుగా కమీషన్ వ్యాపారం చేస్తున్నారు. టిక్కీలో (మిర్చి బస్తాలో) చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తే చాలు, అది తేజానో, బ్యాడిగో, 334 రకమో చెప్పేస్తారు. నేను రకాల పేర్లు చెప్పకుండా, కాయ పొడవు, ఘాటు, రంగు అనే మూడు కొలతలు మాత్రమే ఇచ్చి, కంప్యూటరు చేత మచ్చులను 4 గుంపులుగా విడదీయించాను. తెల్లబారిన తాలు కాయనూ, నిగనిగలాడే మేలు కాయనూ అది ఒకే గుంపులో వేసింది. కంటికి ఇంత కొట్టొచ్చినట్టు కనిపించే తేడా యంత్రానికి ఎందుకు అందలేదో దయచేసి వివరించగలరు.

జవాబు (విజయవాడ నుంచి):
మీరు వాడినది కె-మీన్స్ పద్ధతి అయి ఉంటుంది. స్టువర్ట్ లాయిడ్ 1957లో అమెరికా పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌లో రూపొందించిన ఈ పద్ధతి 1982లో గాని అచ్చుకు నోచుకోలేదు. అది ప్రతి మచ్చునూ ఒక బిందువుగా తీసుకొని, దగ్గరలోని కేంద్రానికి చేర్చి, ఆ గుంపు సగటును కొత్త కేంద్రంగా పెట్టుకొని, మార్పు ఆగేదాకా అదే పని చేస్తుంది. యంత్రానికి ‘తేజ’ అనే భావన అంటే ఆ సగటు బిందువే. మీ పట్టికలో పొడవు సెంటీమీటర్లలో, ఘాటు స్కోవిల్ యూనిట్లలో ఉంటే చిక్కంతా అక్కడే ఉంది. దూరం లెక్కకు ఈ పద్ధతి ప్రతి కొలతలోని తేడాను దానితోనే గుణించి (వర్గం చేసి) కూడుతుంది. 8, 14 సెంటీమీటర్ల కాయల మధ్య తేడా 6, దాని వర్గం 36. ఘాటులో 1,000 యూనిట్ల తేడా ఉంటే దాని వర్గం 10,00,000. ఇక పొడవు, రంగు లెక్కలోకి వచ్చేదెప్పుడు? ప్రతి నిలువు వరుసలోనూ సగటును తీసివేసి, ప్రామాణిక విచలనంతో (విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకెతో) భాగించి మళ్లీ నడిపి చూడండి.

జవాబు (గుంటూరు నుంచి):
ఆ సలహా సరైనదే గాని, అక్కడితో ఆగితే మూడు లక్షణాలూ సమానమని మనమే తీర్పు చెప్పినట్టవుతుంది. ఏ లక్షణం వైపూ మొగ్గకపోతే ఏ రెండు వేర్వేరు వస్తువుల మధ్యనైనా పోలిక ఒకే మోతాదులో ఉంటుందని భౌతిక శాస్త్రవేత్త సతోసి వతనబే 1969లో తర్కబద్ధంగా చూపించారు. రంగు తీసే ఫ్యాక్టరీకి బ్యాడిగి ముఖ్యం, ఘాటైన కారం ఆడించేవారికి తేజ ముఖ్యం. అందుచేత మీ నాన్నగారి ముందు రెండేసి మచ్చులు పెట్టి, ‘ఒకటేనా, వేరా’ అని అడిగి, ఆయన జవాబులకు సరిపడేలా ఒక్కో లక్షణానికి ఎంత బరువు ఇవ్వాలో యంత్రాన్నే నేర్చుకోనివ్వండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. కొలతలు సరిచేయగానే తాలు విడిపోయింది. ఆ తర్వాత నాన్నగారికి 40 జతలు చూపించాను. ఒక జతలో మూడు అంకెలూ దాదాపు ఒకటే అయినా, ఆయన తొడిమ విరిచి, వాసన చూసి, ‘ఇది ఏసీ సరుకు (శీతల గిడ్డంగిలో నిలవ ఉంచినది), అది ఈ ఏటిది’ అని వేరు చేశారు. నా పట్టికలో వాసనకు వరుసే లేదు.