నీస్‌లో నాలుగు రోజులు: అమ్మ మోకాళ్ళు, బాబు ఈత, మధ్యలో నేను

ఎంవీపీ_సెక్టార్6:

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. మా వారికి మే నెల మధ్యలో ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఆఫీసు పని పడింది. హోటల్ గది ఎలాగూ వాళ్ళే ఇస్తున్నారు కదా అని మేమూ బయల్దేరుతున్నాం. మేమంటే నేను, మా అమ్మ, మా బాబు.

అమ్మకి 67. మోకాళ్ళు అరిగాయి. చదునుగా ఉంటే గంటసేపు నడుస్తుంది, మెట్లు కనబడితే మాత్రం మొహం మాడ్చుకుంటుంది. గుడ్డు కూడా తినదు. బాబుకి 11 ఏళ్ళు, నీళ్ళు చూస్తే ఆగడు. పగలంతా మా వారు ఉండరు కాబట్టి ఇద్దర్నీ నేనొక్కదాన్నే తిప్పాలి.

తెలిసిన ట్రావెల్స్ ఆయన ఒక ప్లాన్ పంపాడు. మొదటి రోజు మొనాకో, ఎజ్. రెండో రోజు కాన్, ఆంటిబ్. మూడో రోజు ఇటలీలో ఏదో సంత. నాలుగో రోజు సాయంత్రం ఓ రెండు గంటలు నీస్. చదువుతుంటేనే కాళ్ళు లాగాయి. పైగా అమ్మేమో "రోజూ ఆర్కే బీచ్ చూసేవాళ్ళం, మళ్ళీ సముద్రం చూడ్డానికి ఏడు సముద్రాలు దాటాలా?" అంటోంది. నిజంగా చూడదగ్గవి ఏమిటి, వదిలేయదగ్గవి ఏమిటి, అమ్మ ఏం తింటుంది? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

రుషికొండ_గాలి:

అమ్మగారి పార్టీలో నేనూ ఉన్నాను. ఆ డబ్బుతో యారాడలో వారం రోజులు కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. భీమిలి దాకా కారు, దారిలో మొక్కజొన్న పొత్తులు, రాత్రికి ఇంట్లో పెరుగన్నం. వీసా అక్కర్లేదు.

పోర్టు_పెన్షనర్:

రుషికొండ బాబూ, నువ్వు చెప్పిందీ నిజమే గానీ గది ఊరికే వస్తున్నప్పుడు వెళ్ళకపోతే ఎలా.

అమ్మా, నేను పోర్టులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి నీస్‌కి దగ్గర్లో సోఫియా ఆంటిపోలిస్‌లో, అంటే వాళ్ళ హైటెక్ సిటీ అనుకో, ఉద్యోగం చేసేది. కాపురం నీస్‌లో. నేనూ మా ఆవిడా రెండుసార్లు వెళ్ళి మొత్తం నాలుగు నెలలు ఉండొచ్చాం. కూతురు ఆఫీసుకెళ్ళాక ఏం పనిలేక తిరిగిన మనిషిగా చెబుతున్నాను, అలాగే తీసుకో.

ముందు ఆ ప్లాన్ చించెయ్. నీస్‌ని చివర్లో రెండు గంటలకి కుదించినవాడు ఆ ఊళ్ళో కాలు పెట్టి ఉండడు.

బీచ్ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే నేను అక్కడే పడ్డాను. నీస్ ఒడ్డున ఇసక ఉండదు. బూడిద రంగు గులకరాళ్ళు, కొన్ని గుప్పెడంత ఉంటాయి. మన అలవాటు కొద్దీ హవాయి చెప్పులతో దిగి మూడో అడుగుకే కూలబడ్డాను. పక్కన ఓ ముసలమ్మ, నాకంటే పదేళ్ళు పెద్దదేమో, టకటకా నడిచెళ్ళి ఈత కొట్టి వచ్చేసింది. ఆవిడ కాళ్ళకి నీళ్ళలో వేసుకునే రబ్బరు బూట్లున్నాయి. మీరూ వెళ్ళగానే అవి కొనుక్కోండి.

అల వెనక్కి లాగినప్పుడు ఆ రాళ్ళు చేసే చప్పుడు మాత్రం అమ్మగారికి వినిపించాలి. చాటలో చింతపిక్కలు పోసి చెరిగినట్టుంటుంది. మన సముద్రం అరుస్తుంది. అది గొణుగుతుంది.

కానీ బాబు జాగ్రత్త. ఆ సముద్రానికి ఆటుపోట్లు లేనట్టే లెక్క. చాలా రోజులు పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంటుంది. అది చూసి మోసపోకూడదు, ఒడ్డు నుంచి నాలుగడుగులు వేస్తే లోతు. మే నెలలో నీళ్ళు 17, 18 డిగ్రీలుంటాయి. మన బంగాళాఖాతంలో ఆడిన పిల్లాడు దిగగానే కెవ్వుమంటాడు, అయినా బయటికి రాడనుకో.

వాడి ఈతకి విల్‌ఫ్రాంష్ అనే ఊరు మంచిది. నీస్ పెద్ద స్టేషన్ నుంచి రైల్లో ఏడు నిమిషాలు. స్టేషన్ కిందే బీచ్, కొన్ని మెట్లు దిగాలి, అమ్మగారు నెమ్మదిగా దిగొచ్చు. ముతక ఇసక, లోతు కూడా మెల్లగా పెరుగుతుంది. మన హార్బరుకి డాల్ఫిన్ నోస్ కాపలా ఉన్నట్టు అక్కడ కాప్ ఫెరా అనే కొండముక్క సముద్రంలోకి చొచ్చుకొచ్చి అడ్డుగా ఉంటుంది. లోపల లోతైన నీళ్ళు, పెద్ద పెద్ద క్రూయిజ్ ఓడలు లంగరేసి ఉంటాయి. పోర్టు మనిషిని కదా, నేను అక్కడ ఈత వదిలేసి ఓడలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

ఇక ఊరు. పొద్దున్నే కూర్ సలేయా బజారుకి వెళ్ళండి. ఒక పక్క పువ్వులు, ఒక పక్క కూరలు, ఆలివ్‌లు, పళ్ళు. మధ్యాహ్నానికల్లా కూరల వాళ్ళు సర్దేస్తారు. సోమవారం కూరలు ఉండవు, పాత సామాన్లు పెడతారు. మా ఆవిడ అక్కడ పాత ఇత్తడి గరిటె బేరమాడింది, భాష రాకుండానే గెలిచింది. బజారు వెనకే పాత ఊరు. ఇరుకు సందులు, పసుపూ ఎరుపూ గోడలు, పైన కిటికీల్లో ఆరేసిన బట్టలు. నాకు మన కురుపాం మార్కెట్ వైపు సందులు గుర్తొచ్చాయి, మా ఆవిడ ఒప్పుకోలేదు.

అమ్మగారి తిండికి ఆ బజార్లోనే జవాబుంది. దాని పేరు సొక్కా. (మన వైపు వాళ్ళకి తొడుక్కునేది గుర్తొస్తుంది, నవ్వకండి.) శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. గుడ్డు లేదు. పెద్ద రాగి పళ్ళెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు, అంచులు మాడిమాడనట్టు ఉంటాయి, పైన మిరియాల పొడి. వేడిగా తినాలి, చల్లారితే రబ్బరు. దొండపర్తిలో పుట్టి పెరిగిన మా ఆవిడ మొదటి ముక్క తిని "మన శనగపిండి అట్టే, కొత్తిమీర మర్చిపోయారు" అంది, రెండో ప్లేటు అడిగింది. గుమ్మడి జాతి పువ్వులతో బజ్జీలు కూడా వేస్తారు గానీ పిండిలో గుడ్డు కలుపుతారు, అడిగి తినండి. ఉల్లిపాయల రొట్టె ఒకటి చూడ్డానికి శాకాహారంలా ఉంటుంది, పేరు పిస్సలాదియేర్. దాని మీద చిన్న చేపలుంటాయి. హోటల్లో మంచినీళ్ళు "కరాఫ్ దో" అని అడిగితే కుళాయి నీళ్ళు జగ్గులో డబ్బులు లేకుండా ఇస్తారు. ఏది అడిగినా ముందు "బోంజూర్" అనాలి. అది లేకుండా నేరుగా ప్రశ్న వేస్తే మొహం తిప్పేస్తారు.

మధ్యాహ్నం పన్నెండింటికి కోట కొండ మీద ఫిరంగి పేలుతుంది. రోజూ. మొదటి రోజు మా ఆవిడ ఎక్కడో గ్యాస్ సిలిండర్ పేలిందనుకుంది. 1860ల్లో అక్కడ చలికాలం గడపడానికి వచ్చిన స్కాట్లాండ్ దొర ఒకాయన, భార్య కబుర్లలో పడి భోజనం వేళ మర్చిపోతోందని ఈ ఏర్పాటు చేయించాడని చెప్పుకుంటారు. దొర పోయినా ఊరు అలవాటు మానలేదు.

ఆ కొండకి మన కైలాసగిరి రోప్‌వే లాగా లిఫ్టు ఉంది, టికెట్ లేదు. సముద్రం వైపు నుంచి ఎక్కాలి, పైన కొంచెం నడక. కోట కోసం వెతక్కండి, 1706లో పద్నాలుగో లూయీ రాజు కూలగొట్టించాడు. కట్టించిన జలపాతం ఒకటి, చెట్ల నీడ, కింద వంపు తిరిగిన తీరం. అమ్మగారికి ఒక పూట సరిపోతుంది.

సాయంత్రం ప్రొమనాద్ దెజాంగ్లే. తీరం వెంట సుమారు 7 కిలోమీటర్ల బీచ్ రోడ్డు. పేరుకి అర్థం ఇంగ్లీషువాళ్ళ విహారమని. గాలి మార్పుకి బెంగాలీలు వాల్తేరు వచ్చినట్టు, చలి తప్పించుకోడానికి దొరలు నీస్ వచ్చేవారు. 1820ల్లో ఆ బాట వాళ్ళ చందాలతోనే మొదలైంది. నీలం కుర్చీలుంటాయి, ఎవరైనా కూర్చోవచ్చు. మే మధ్యలో తొమ్మిదింటికి కొంచెం ముందు దాకా వెలుతురుంటుంది. ఉదయం బజారు, మధ్యాహ్నం గదిలో కునుకు, సాయంత్రం ఆ కుర్చీ. మేం ఎక్కువ రోజులు గడిపింది ఇలాగే.

ఎజ్ మాత్రం వద్దమ్మా. అందమైన ఊరే, కానీ కొండ కొమ్మున రాళ్ళు పరిచిన నిటారు సందులు. మోకాళ్ళు క్షమించవు. మొనాకో ఒక పూట చాలు, అదీ బాబు కోసం. రైల్లో పాతిక నిమిషాల లోపే, వెళ్ళేటప్పుడు కుడివైపు కూర్చోండి, సముద్రం అటే. 1910లో తెరిచిన ఓషనోగ్రఫీ మ్యూజియం ఉంది. మన బీచ్‌లో సబ్‌మెరైన్ చూసి ఎగిరే పిల్లాడైతే దాన్ని వదలడు. మే చివర్లోనో జూన్ మొదట్లోనో అక్కడ కార్ల రేసు, మే నెలలోనే కాన్‌లో సినిమా పండగ. ఆ తేదీలు చూసుకుని వెళ్ళండి, రైళ్ళు కిటకిటలాడతాయి.

నీస్‌లో మతీస్, షగాల్ అనే చిత్రకారుల బొమ్మల మ్యూజియాలు రెండూ మంగళవారం మూసేస్తారు. నేను మంగళవారమే వెళ్ళాను.

ట్రామ్‌లో సంచీ ముందుకి వేసుకోండి. మా ఆవిడ హ్యాండ్‌బ్యాగు జిప్పు ఎవరో తీశారు. కళ్ళజోడు పెట్టె అనుకుని వక్కపొడి డబ్బా పట్టుకుపోయినట్టున్నారు.

సీతమ్మధార_శ్రీకాకుళం:

పెన్షనర్ గారూ, దొంగ వక్కపొడి నోట్లో వేసుకుని ఏటైపోయాడో!

వీసా గురించి రెండు మాటలు. ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఉండే షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళ లోపు పిల్లలకి 45. పన్నెండు నిండకపోతే వేలిముద్రలు కూడా అక్కర్లేదు, మీ బాబు పుట్టినరోజు చూసుకోండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, చివరి నిమిషం దాకా ఆగొద్దు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. అమ్మగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ఒకేలా ఉన్నాయా చూడండి. మా అమ్మకి ఒక అక్షరం తేడా వచ్చి హైదరాబాద్ రెండుసార్లు తిరిగాం. విమానానికైతే హైదరాబాద్ నుంచి దుబాయ్, అక్కడ నుంచి నేరుగా నీస్ ఉంది, పెద్దవాళ్ళకి ఒక మార్పుతో అయిపోతుంది.

ఎంవీపీ_సెక్టార్6:

అంకుల్, మీ జవాబు అమ్మకి చదివి వినిపించాను. సొక్కా దగ్గర నవ్వింది. కొత్తిమీర లేదన్న మాట పట్టుకుని, ఎండబెట్టి పొడి చేసి తీసుకెళ్తానంటోంది. ట్రావెల్స్ ఆయనకి ఫోన్ చేసి ప్లాన్ వద్దని చెప్పేశాను. విల్‌ఫ్రాంష్ ఒక రోజు, మొనాకో ఒక పూట, మిగతాదంతా నీస్. ఒక్క డౌటు. బాబు నీళ్ళలో ఉన్నంతసేపూ అమ్మ ఆ రాళ్ళ మీద కూర్చోగలదా?

పోర్టు_పెన్షనర్:

రాళ్ళ మీద కూర్చుంటే లేవడం కష్టమమ్మా. నీస్‌లో అయితే పైన నీలం కుర్చీలో కూర్చోబెట్టు, అక్కడ నుంచి బాబు కనిపిస్తాడు, ఆవిడ కేకేస్తే వాడికి వినిపిస్తుంది కూడా. విల్‌ఫ్రాంష్‌లో ఇసకే కాబట్టి చిన్న మడత పీట ఒకటి పట్టుకెళ్ళు. మేం పూర్ణా మార్కెట్‌లో కొన్నది తీసుకెళ్ళాం, ఇప్పటికీ మా అమ్మాయి బాల్కనీలో ఉంది.