పాత మారుతి 800లో అద్దాలు బిగుసుకుపోయాయి: బాగు చేయించాలా, పవర్ విండోస్ పెట్టించాలా?

ఏలూరు 800:
నాన్నగారి 2005 మారుతి 800 ఇప్పటికీ మా ఇంట్లో తిరుగుతోంది. ఇంజిన్‌కి ఏ లోటూ లేదు. ముందు తలుపుల అద్దాలు మాత్రం బాగా బిగుసుకుపోయాయి. డ్రైవర్ వైపు అద్దం ఎక్కించాలంటే ఒక చేత్తో హ్యాండిల్ తిప్పుతూ రెండో చేత్తో అద్దాన్ని పైకి నెట్టాల్సి వస్తోంది. అమ్మకు భుజం నొప్పి, ఆ హ్యాండిల్ ముట్టుకోవడమే మానేసింది. మెకానిక్‌ని అడిగితే తలుపు విప్పకుండానే "పవర్ విండో కిట్ వేసేద్దాం" అన్నాడు. బాబాయి ఏమో అద్దం పక్క సందులో కాస్త ఇంజిన్ ఆయిల్ పోస్తే చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

హైవే బాబు:
కిట్ పెట్టించండి. ఒక్కరే బండి నడుపుతున్నప్పుడు ఎడమ అద్దం దించాలంటే సీటు మీద అడ్డంగా వంగాలి, అప్పుడు కళ్ళు రోడ్డు మీద ఉండవు. ఉన్నట్టుండి వాన అందుకుంటే మరీ కష్టం. అమ్మగారికి భుజం నొప్పి అంటున్నారు కదా, ఆవిడ వేలితో నొక్కితే పని అయిపోవాలి. పాత బండిని పాతగానే ఉంచాలన్న పట్టుదల ఇంట్లోవాళ్ళకు భారం కాకూడదు.

ఆటోనగర్ శిష్యుడు:
బాబు గారూ, అమ్మగారి విషయంలో మీ మాట నిజమే. అద్దం ఎందుకు బిగుసుకుందో చూడకుండా కిట్ చేతిలో పెట్టే పద్ధతితోనే నా పేచీ. బయట దొరికే కిట్లలో చాలావాటిలో మోటరు వచ్చి, ఇప్పుడు మనం హ్యాండిల్ తగిలించే పళ్ళ ఇరుసునే తిప్పుతుంది. అద్దాన్ని ఎత్తి దించే లోపలి మిషన్ పాతదే, రబ్బరూ పాతదే. ఇన్నాళ్ళు చెయ్యి పడ్డ కష్టం ఇకపై మోటరు పడుతుంది. మనం తిప్పేటప్పుడు ఎక్కడ పట్టేస్తోందో చేతికి తెలుస్తుంది, ఆగుతాం. ఈ చవక మోటర్లు ఆగవు. ఫ్యూజ్ పోతుంది, లేదా మోటరు వేడెక్కుతుంది, లేదంటే మిషన్ పళ్ళు అరిగి అద్దం తలుపులోకి జారిపోతుంది.

ఏలూరు గారూ, ముందు తలుపు విప్పించండి. హ్యాండిల్ వెనకాల గుర్రపు నాడా ఆకారంలో చిన్న స్ప్రింగ్ లాక్ ఉంటుంది. హ్యాండిల్‌కీ డోర్ ప్యాడ్‌కీ (తలుపు లోపలి వైపు అట్టకీ) మధ్య పాత గుడ్డ పీలిక దూర్చి, అటూ ఇటూ లాగితే ఆ లాక్ ఊడి వస్తుంది. ఎగిరి ఎక్కడో పడుతుంది కాబట్టి రెండో చెయ్యి అడ్డు పెట్టాలి. ప్యాడ్ తీశాక అద్దాన్ని మిషన్ నుంచి విడదీసి, చేత్తో పైకీ కిందికీ ఆడించి చూడండి. అద్దం పడకుండా ఒకరు పట్టుకోవాలి. చేత్తో ఆడిస్తున్నా బిగువుగానే ఉంటే లోపం బీడింగ్‌లో, అంటే రెండు పక్కలా అద్దం జారే రబ్బరు గాడిలో ఉంది. అద్దం సులువుగా కదిలి, ఖాళీ హ్యాండిల్ తిప్పితే బరువుగా ఉంటే లోపం మిషన్‌లో ఉంది. ఈ రెండూ తేలకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి.

నేను చూసినంతవరకు ఎక్కువ బండ్లలో తేలేది బీడింగే. మన ఎండలకు రబ్బరు గట్టిపడుతుంది, లోపలి మెత్తటి నూగు అరిగిపోతుంది, దుమ్ము చేరి గరుకు కాగితంలా తయారవుతుంది. ఇంకొకటి ఎవరూ గమనించరు. 2012లో సుప్రీంకోర్టు అద్దాలకు నల్ల ఫిల్మ్ వద్దన్నాక చాలామంది పీకించేశారు. గీకిన చోట మిగిలిన జిగురు బీడింగ్‌ని పట్టి లాగుతూనే ఉంటుంది. అద్దాన్ని పూర్తిగా దించి, అంచుల వెంట వేలు పెట్టి చూడండి.

కర్నూలు అంబాసిడర్:
మా ఇంట్లో ఏళ్ళ తరబడి ఆయిలే పోశాం. అద్దాలు చక్కగా తిరిగాయి. ఇంత హడావిడి అవసరమా?

ఆటోనగర్ శిష్యుడు:
మిషన్‌లో పళ్ళకి, కీళ్ళకి పడితే తిరుగుతాయి అన్నా, ఇనుముకు నూనె మంచిదే. పైనుంచి సందులో పోస్తే ముందు తడిసేది రబ్బరు. ఈ రకం రబ్బరు పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బితే అద్దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పైగా నూనెకు దుమ్ము అంటుకుంటుంది. మొదటి వారం హాయిగా తిరిగి, తర్వాత మునుపటికన్నా బిగుసుకుపోవడానికి కారణం ఇదే. రబ్బరుకు సిలికాన్ స్ప్రే, ఇనుముకు గ్రీజు, రెండూ కలపకూడదు. స్ప్రేకి ముందు సబ్బు నీళ్ళలో ముంచిన గుడ్డతో బీడింగ్ లోపల బాగా తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. మురికి మీదే స్ప్రే కొడితే ఫలితం ఉండదు.

హైవే బాబు:
సరే, బీడింగ్ మార్చాక కిట్ పెడితే? అప్పుడు మీ అభ్యంతరం ఏంటి?

ఆటోనగర్ శిష్యుడు:
అప్పుడు సగం అభ్యంతరం పోతుంది. మిగతా సగం వైరింగ్ గురించి. తలుపుకీ బాడీకీ మధ్య వైరు రబ్బరు గొట్టంలోంచి రావాలి, లేకపోతే తలుపు తీసి వేసిన ప్రతిసారీ ఒరుసుకుని షార్ట్ అవుతుంది. బ్యాటరీ నుంచి విడిగా ఫ్యూజ్‌తో లైన్ తీయాలి. చాలాచోట్ల స్టీరియో వైరుకే కలిపేస్తున్నారు, అది ప్రమాదం. ఇంకో మాట: వరద నీళ్ళలో బండి ఆగిపోయి కరెంటు పోయినా, హ్యాండిల్ ఉంటే అద్దం దించుకోవచ్చు. బుడమేరు వరద చూసిన విజయవాడవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

హైవే బాబు:
వరద ఎప్పుడో వస్తుంది, భుజం నొప్పి రోజూ ఉంటుంది. ఆ విషయంలో నా అభిప్రాయం మారదు. బీడింగ్ ముందు, కిట్ తర్వాత అన్న వరుసకు మాత్రం ఒప్పుకుంటా.

ఏలూరు 800:
ఆదివారం తలుపు విప్పించాను. మిషన్ నుంచి విడదీశాక కూడా అద్దం బిగువుగానే ఉంది, ఫిల్మ్ జిగురు కూడా కనిపించింది. 800 తయారీ 2014లోనే ఆగిపోయింది కదా, బీడింగ్ దొరుకుతుందా?

ఆటోనగర్ శిష్యుడు:
దొరుకుతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ రాణిగంజ్‌లోనో అడగండి. పాత ముక్క కత్తిరించి వెంట తీసుకెళ్ళండి, మందం కొంచెం తేడా వచ్చినా మళ్ళీ బిగుసుకుంటుంది. లోపల నూగు లేని ఉత్త రబ్బరు ఇస్తే వద్దనండి. జిగురును బ్లేడుతో కాకుండా కిరోసిన్ అద్దిన గుడ్డతో రుద్ది తీసి, ఆ తర్వాత అద్దాన్ని సబ్బు నీళ్ళతో కడగండి. తలుపు అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు పూడిపోయి ఉంటే పుల్లతో పొడవండి. ప్యాడ్ వెనకాల ఉండే ప్లాస్టిక్ కవరు చిరిగితే కొత్తది కత్తిరించి అతికించండి, లేదంటే వానకు ప్యాడ్ ఉబ్బిపోతుంది. ఇదంతా అయ్యాక అమ్మగారినే కూర్చోబెట్టి తిప్పి చూడమనండి. అప్పటికీ ఆవిడకు కష్టమైతే, ముందు తలుపులకు మాత్రం కిట్ పెట్టించండి. వెనక తలుపుల హ్యాండిళ్ళు అలాగే ఉంచేయండి.