ఆసుపత్రి కార్యాలయంలో పరదేశ ఉద్యోగి: మన హద్దు ఎక్కడ?

ప్రశ్న
రాసినవారు: కొత్త గుమాస్తా

అందరికీ నమస్కారం. నేను పరాయి దేశంలో ఒక పెద్ద ఆసుపత్రిలో వైద్య రికార్డుల విభాగంలో పనిచేస్తున్నాను. చేరి ఎనిమిది నెలలైంది. నేను డాక్టరునూ కాను, నర్సునూ కాను. డిశ్చార్జ్ అయిన రోగుల ఫైళ్లలో సంతకాలు, తేదీలు, డిశ్చార్జ్ సమ్మరీ సరిగా ఉన్నాయో లేదో చూసి కోడింగ్ చేసేవారికి, అంటే జబ్బులకు సంకేత సంఖ్యలు వేసేవారికి పంపడం, బీమా సంస్థలు తిప్పి పంపిన క్లెయిములకు కావలసిన కాగితాలు వెతికి జతచేయడం నా పని. పని కష్టమైనదేమీ కాదు. కష్టమల్లా ఆ పని చుట్టూ ఉన్నదానితోనే వస్తున్నది.

మెడలో ఆసుపత్రి గుర్తింపు కార్డు వేలాడుతూ ఉండడం వల్ల నేను కారిడార్‌లో నాలుగడుగులు వేస్తే చాలు, ఎవరో ఒకరు ఆపి స్కానింగ్ రిపోర్టు ఎప్పుడు వస్తుందనో, లోపల ఉన్న తమవారికి ఎలా ఉందనో అడుగుతారు. ఇక్కడి భాషలో నాకు ఇంకా తడబాటు ఉంది; ఎదురుగా మాట్లాడితే నెట్టుకురాగలను గాని, ఫోన్‌లో ఎవరైనా గబగబా రోగి సంఖ్య చెబితే రెండుసార్లు అడిగినా ఒక అంకె తప్పు రాసుకుంటున్నాను. దీనికి తోడు, ఆసుపత్రిలో ఉద్యోగం అనగానే ఇంటి దగ్గర బంధువులు నన్ను సగం డాక్టరుగా లెక్కకట్టి రక్తపరీక్షల ఫలితాలు వాట్సాప్‌లో పంపి అభిప్రాయం అడుగుతున్నారు.

ఇవన్నీ ఎలాగో సర్దుకుంటాయి. నన్ను నిజంగా వేధిస్తున్నది వేరే సంగతి. పది రోజుల క్రితం ఒక వార్డు నుంచి ఫోన్ చేసి, మన భాష మాత్రమే తెలిసిన పెద్దాయన ఒకరు ఉన్నారు, ఆపరేషన్ సమ్మతి పత్రం మీద సంతకం చేయించాలి, అయిదు నిమిషాలు వచ్చి వెళ్లమన్నారు. వెళ్లాను. డాక్టరు వరసగా ఆరు ప్రమాదాలు చెప్పారు. వాటిలో రెండింటికి మన భాషలో ఏమనాలో ఆ క్షణాన తోచక నాలుగు మాత్రమే చెప్పాను. పెద్దాయన తల ఊపి సంతకం చేశారు. ఆయనకు అర్థమైందని డాక్టరుకు చెప్పింది నేనే. ఆయనకు నిజంగా అర్థమైందో, లేక ఉద్యోగం మధ్యలో వచ్చిన నన్ను ఇంకా ఇబ్బంది పెట్టడమెందుకని తల ఊపారో నాకు తెలియదు. మరునాడు వారి అబ్బాయి నా బల్ల దగ్గరకు వచ్చి, తండ్రి ఫైలు ఒకసారి చూసి అసలు సంగతేమిటో చెప్పమని బతిమాలాడు. కుదరదని చెప్పి పంపాను గాని, సాటి భాషవాడు అలా వెళ్లిపోతుంటే ముఖం చెల్లలేదు.

ఇలాంటి ఉద్యోగాలలో ఏళ్ల తరబడి ఉన్నవారు ఎంతవరకు కల్పించుకుంటారు, ఎక్కడ ఆగిపోతారు?

సమాధానం 1
రాసినవారు: పాత రికార్డు గది

నేను మూడు దేశాలలో కలిపి పదహారేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ముందుగా ఆ అబ్బాయి విషయం. మీరు ఫైలు తెరవకపోవడం సరైన పని. అందులో రెండో ఆలోచన అక్కరలేదు. కంప్యూటరులో ఉన్న రికార్డును ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు తెరిచారో, ఏ పేజీ చూశారో మొత్తం దానంతట అదే నమోదవుతుంది. పనితో సంబంధం లేకుండా తెలిసినవారి ఫైలు చూసినా, కొన్ని ఆసుపత్రులలో తన సొంత ఫైలు తాను తెరుచుకున్నా, క్రమశిక్షణ చర్య తప్పదు. స్థానికుడికైతే అది ఉద్యోగం వరకే పోతుంది. మనలో చాలామందికి నివాస అనుమతి కూడా యజమానితో ముడిపడి ఉంటుంది కాబట్టి, జాలిపడి చేసిన ఒక్క క్లిక్కు ఇంటిల్లిపాదినీ పెట్టెలు సర్దుకునేలా చేయగలదు. అలాగని ఆ అబ్బాయిని వట్టి చేతులతో పంపనక్కరలేదు. రోగి అనుమతితో రికార్డు నకలు అడిగే దరఖాస్తు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటుంది, అది మీ విభాగానికే వస్తుంది. దాన్ని ఎలా నింపాలో చూపించడం మీ ఉద్యోగంలో భాగమే.

ఫోన్ సంగతి తేలికగా తీసుకోకండి, ఎందుకంటే ఒక అంకె తేడా అంటే ఇంకో మనిషి అని అర్థం. ఇంగ్లీషులో పదిహేను, యాభై వంటి జంటలు ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి గనుక సంఖ్యను ఎప్పుడూ విడివిడి అంకెలుగా చెప్పించుకోండి. రాసుకున్న తరువాత మీరే తిరిగి చదివి అవునని అనిపించుకోండి. పేర్లకు విమానయానంలో 1956 నుంచి అమలులో ఉన్న ఆల్ఫా, బ్రావో, చార్లీ వరస, అంటే ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో మాట పలికే పద్ధతి నేర్చుకుంటే వారం రోజుల్లో మీ యాస గురించి ఎవరూ పట్టించుకోరు. ఆ వరసను రకరకాల భాషలవాళ్ల నోళ్లకూ చెవులకూ పరీక్షించి మరీ తయారుచేశారు. మనవంటివారి కోసమే అన్నమాట. తేదీలలో నెలను అంకెతో కాక అక్షరాలతో రాయండి. 03/04 అని రాస్తే అది మార్చి నాలుగో, ఏప్రిల్ మూడో అన్నది చదివేవాడు పుట్టిన దేశాన్ని బట్టి మారుతుంది. ఏ రోగినైనా పేరు ఒక్కదానితో గుర్తించకండి; పేరు, పుట్టిన తేదీ లేదా రికార్డు సంఖ్య, కనీసం రెండు గుర్తులు కలవాలి. ఒకే పేరున్న ఇద్దరు ఒకే వారంలో ఒకే వార్డులో ఉండడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను.

పొట్టి అక్షరాల జోలికి వెళ్లేటప్పుడు మరీ జాగ్రత్త. ఎం.ఎస్. అన్న రెండక్షరాలు నొప్పి మందు మార్ఫీన్ సల్ఫేట్ కావచ్చు, వేరే మందు మెగ్నీషియం సల్ఫేట్ కావచ్చు, నరాల జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ కావచ్చు, గుండె కవాటం సన్నబడే మైట్రల్ స్టెనోసిస్ కూడా కావచ్చు. అర్థం కానప్పుడు ఊహించకుండా అడగడమే మన ఉద్యోగ ధర్మం. ఒక సంగతి చెప్పనా, కోడింగ్‌లో నాకు మనశ్శాంతి ఇచ్చేది కోడ్‌కు యాస లేకపోవడమే. జబ్బులకు దేశదేశాల్లో వాడే కోడ్‌ల జాబితా ఐ.సి.డి. పదో కూర్పులో ఇ11 అంటే రెండో రకం మధుమేహం, అది ఏ దేశంలో చదివినా అంతే; 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన పదకొండో కూర్పులో అదే జబ్బు 5ఎ11 అయింది. అయితే ఆ కోడ్ వేసేటప్పుడు ఒక కట్టుబాటు ఉంది. రక్తంలో చక్కెర ఎంత ఎక్కువగా కనిపించినా, డాక్టరు మధుమేహం అని రాయనిదే మనం ఇ11 వేయకూడదు. డాక్టరుకు ప్రశ్న పంపి జవాబు వచ్చేదాకా ఆగాలి. డాక్టరు రాయనిదాన్ని మనం చేర్చం, రాసినదాన్ని తీసేయం. మీరు ఆ పెద్దాయన దగ్గర చేసిన పని ఈ కట్టుబాటుకు తలకిందులుగా జరిగింది. ఆరింటిలో రెండు మీ చేతి మీదుగా పోయాయి. మిమ్మల్ని నొప్పించాలని ఇది అనడం లేదు. ఎక్కడ ఆగాలని మీరు అడిగారు గనుక, ఆ చోటు మీకు కాగితం మీద ముందే తెలుసునని చెబుతున్నాను.

సమాధానం 2
రాసినవారు: దుబాసీ

నేను వైద్య అనువాదకురాలిని. రోగికీ డాక్టరుకూ మధ్య మాటలు అటూ ఇటూ చేరవేయడమే నా వృత్తి. ఆ సమ్మతి పత్రం సంగతి మిమ్మల్ని వేధించడం సహజం. రెండు భాషలు వచ్చిన ఉద్యోగి దొరికాడంటే వార్డులో అందరికీ పని తేలికవుతుంది, ఆ తేలికకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో మాత్రం కనబడదు.

మా శిక్షణలో తప్పకుండా చెప్పే ఉదంతం ఒకటుంది. 1980లో అమెరికాలోని ఫ్లోరిడాలో పద్దెనిమిదేళ్ల కుర్రవాడిని స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చారు. ఇంటివాళ్లు స్పానిష్‌లో ఇంటాక్సికాడో అన్నారు. క్యూబావారి వాడుకలో తిన్నదో తాగినదో వికటించిందని దాని అర్థం. అక్కడ శిక్షణ పొందిన అనువాదకులు లేరు. ఆ మాట ఇంగ్లీషులో మత్తులో ఉన్నాడనే మాటగా మారిపోయి, మాదకద్రవ్యాలు ఎక్కువై ఇలా జరిగిందన్న నిర్ణయంతో వైద్యం మొదలైంది. అసలు జరిగింది మెదడులో రక్తస్రావం. అది బయటపడేసరికి రెండు రోజులు గడిచాయి, కుర్రవాడికి కాళ్లూ చేతులూ శాశ్వతంగా చచ్చుబడిపోయాయి. ఆ గదిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరికీ చెడు తలంపు లేదు. ఒకేలా ధ్వనించే రెండు మాటలు మాత్రం ఉన్నాయి.

2003లో పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పరిశీలనలో, అనువాదకుల సాయంతో జరిగిన 13 సంభాషణలను అక్షరం పొల్లుపోకుండా రాసి చూస్తే 396 పొరపాట్లు తేలాయి. వాటిలో ఎక్కువ భాగం మీరు చేసినటువంటివే, అంటే వదిలేసిన మాటలే. శిక్షణ లేనివారు చేసిన పొరపాట్లలో 77 శాతం వైద్యం మీద ప్రభావం చూపగలిగేవి కాగా, ఆసుపత్రి నియమించిన అనువాదకుల విషయంలో అది 53 శాతం. ఆ రెండో అంకె మావాళ్లదే కాబట్టి మేమేమీ గొప్పలు పోవడానికి లేదు. అయినా మాకు తెలియని మాట వచ్చినప్పుడు డాక్టరును ఆపి, ఆ మాటను విడమరచి చెప్పండి, దీనికి నా దగ్గర సాటి పదం లేదు అనడం నేర్పారు. మీరు ఆపలేకపోవడానికి కారణం మీ భాష కాదు. కింది స్థాయి పరదేశ ఉద్యోగి, తెల్ల కోటు వేసుకున్న మనిషిని మధ్యలో ఆపడమా అన్న జంకు.

కాబట్టి నా లెక్క ఇది. నీళ్లు కావాలా, చలిగా ఉందా, భోజనం ఎన్నింటికి, మరుగుదొడ్డి ఎటు, మీ అబ్బాయి బయట కూర్చున్నాడు వంటివి మీరు నిస్సంకోచంగా చెప్పండి. మాట తెలిసిన మనిషి ఎదురుపడడమే మంచం మీద ఉన్నవారికి కొండంత ధైర్యం. జబ్బు పేరు, మందు మోతాదు, సమ్మతి పత్రం, ప్రాణాపాయం గురించిన కబురు, ఈ నాలుగూ వచ్చినప్పుడు మాత్రం, నేను శిక్షణ పొందిన అనువాదకుణ్ణి కాను, ఫోన్ అనువాద సేవను పిలవండి అని చెప్పండి. ఆ వాక్యాన్ని అక్కడి భాషలో ముందే బట్టీపట్టి పెట్టుకోండి, ఎందుకంటే అవసరమైన క్షణంలో నోరు పెగలదు. తప్పనిసరై చేయవలసి వస్తే, రోగి తల ఊపితే అర్థమైనట్టు లెక్క వేయకుండా, ఇప్పుడు విన్నది మీ మాటల్లో ఒకసారి చెప్పండి అని అడగమని డాక్టరును కోరండి. ఈ పని మీద నిజంగా మనసుంటే శిక్షణ తీసుకోండి. అమెరికాలో ధ్రువీకరణ పరీక్షకు కూర్చోవాలంటే కనీసం 40 గంటల శిక్షణ అడుగుతారు, అదేమీ అందనంత దూరం కాదు.

ఇంకొక మాట, కొంచెం కటువుగానే. ఆయనకు అర్థమైందో లేదో తెలియదని మీరు ఇక్కడ రాశారు. ఆ మాట చేరవలసింది ఆ వార్డుకు. ఆపరేషన్ ఇంకా కాకపోయి ఉంటే ఈ రోజే చెప్పండి.

సమాధానం 3
రాసినవారు: రాత్రి కౌంటరు

పై ఇద్దరితో నేను చాలావరకు ఏకీభవిస్తాను గాని, వారు రాసినదంతా పగటిపూట ఆసుపత్రి గురించి. నేను అత్యవసర విభాగంలో రాత్రిపూట రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చుంటాను. తెల్లవారుజామున మూడు గంటలకు ఒక తల్లి బిడ్డను ఎత్తుకుని వచ్చి మన భాషలో ఏడుస్తూ ఏదో చెబుతుంటే, నాకు శిక్షణ లేదని చేతులు కట్టుకోవడం నావల్ల కాదు, ఎవరివల్లా కాకూడదు కూడా. అక్కడ నేను చేసేది ఒక్కటే. ఆమె అన్నదాన్ని అన్నట్టుగా నర్సుకు చేరవేస్తాను, నా అనుమానం ఏదీ కలపను, నేను రిజిస్ట్రేషన్ గుమాస్తానని ముందే చెబుతాను, ఫోన్ అనువాదకుడు లైన్‌లోకి రాగానే నా కుర్చీలోకి వెళ్లిపోతాను. ఇలా జరిగిందని ఫైలులో ఒక వాక్యం రాయించడం మరచిపోను.

కారిడార్‌లో ఆపేవారికి, నేను కార్యాలయంలో పనిచేస్తాను, ఈ విషయం తెలిసినవారి దగ్గరకు మిమ్మల్ని తీసుకువెళతాను అని చెప్పి నర్సుల బల్ల దాకా నడవండి. తెలియదని చెప్పి వెళ్లిపోతే కోపం వస్తుంది, అదే తెలియదన్న మాటను వారితో నడుస్తూ చెబితే రాదు. రంగుల కోడ్‌లు కూడా మొదటి రోజే తెలుసుకోవలసింది. మైకులో నీలం అంటే చాలాచోట్ల గుండె ఆగిందని, ఎరుపు అంటే మంటలని అర్థం గాని, మిగతా రంగులు ఆసుపత్రికొక తీరు. పాత ఉద్యోగంలో నేర్చుకున్నది కొత్తచోట చెల్లదు.

బంధువుల రిపోర్టుల సంగతికి నా దగ్గర మందు లేదు. ఈ ఫలితం కాగితం మీద సంతకం చేసిన డాక్టరును అడగండి అని రాసి పెట్టుకున్న జవాబునే తొమ్మిదేళ్లుగా అందరికీ పంపుతున్నాను. ఒక పెదనాన్నగారు మాత్రం ఇప్పటికీ మాట్లాడడం లేదు.

ప్రశ్న అడిగినవారి జవాబు
రాసినవారు: కొత్త గుమాస్తా

అందరికీ కృతజ్ఞతలు. దుబాసీగారి చివరి మాట చదివిన వెంటనే మా పర్యవేక్షకురాలికి జరిగింది జరిగినట్టు చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆమె వార్డుకు ఫోన్ చేసి, కార్యాలయ ఉద్యోగులను సమ్మతి పత్రాలకు పిలవకూడదన్న నియమం ఎప్పటినుంచో ఉందని గుర్తుచేశారు. ఫోన్ అనువాద సేవ సంఖ్య ఆ వార్డు టెలిఫోన్ మీదే అంటించి ఉందట. నా బల్ల దగ్గరగా ఉండడం వల్ల నన్ను పిలిచారు.

పెద్దాయనకు చక్కెర అదుపులోకి రాకపోవడంతో ఆపరేషన్ వాయిదా పడింది గనుక సమయం మిగిలింది. నిన్న ఫోన్ అనువాదకుడితో ఆయన దగ్గర మళ్లీ మొదటినుంచి మాట్లాడించారు. ఆ సంగతి నాకు చెప్పిన నర్సు, మొత్తం నలభై నిమిషాలు పట్టిందని, ఎక్కువసేపు ఆయనే ప్రశ్నలు అడిగారని అన్నది. నాతో ఏడెనిమిది నిమిషాల్లో ముగిసింది, అందులో ఆయన ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నిన్న ఏమడిగారో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

అబ్బాయి దరఖాస్తు నింపి ఇచ్చాడు. నేను బల్ల దగ్గర కూర్చుని ఏ గడిలో ఏమి రాయాలో చూపించాను. పుట్టిన తేదీ దగ్గర నెలను అక్షరాలతో రాయించాను.