పేదవాడి ఇంటికి మేస్త్రి కూలి వదులుకోవాలా?

ఖమ్మం కుర్రోడు: మా ఊళ్లో ఇందిరమ్మ ఇళ్లు కొన్ని బేస్‌మెంట్ దగ్గరే ఆగాయి, కొన్నింటికి ఇంకా పునాది గీతల ముగ్గే పోయలేదు. ప్రభుత్వం ఇచ్చేది 5 లక్షలు, అదీ విడతల్లో. బేస్‌మెంట్ లేస్తేనే మొదటి లక్ష. అక్కడిదాకా అప్పే. మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్లు నెలకో ఆదివారం ఉచితంగా పని చేస్తే తప్పేంటి? 1976లో అమెరికాలో పుట్టిన హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ వాలంటీర్లతో ఇళ్లు కట్టిస్తోంది. మన దేశంలో వాళ్లు 1983లో మొదలుపెట్టింది మన ఖమ్మంలోనే. 2006లో అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అంతటివాడు మహారాష్ట్రలో లోనావాలా దగ్గరికొచ్చి ఇటుకలు పేర్చాడు.

తాపీ పని: కార్టర్‌కి పెన్షన్ ఉండేది తమ్ముడూ. నాకు వానాకాలం వస్తే పనే ఉండదు. సిమెంట్ కొట్టాయన ఒక్క బస్తా ఊరికే ఇస్తాడేమో అడుగు. ఇసుక ట్రాక్టరాయన్ని అడుగు. సేవ అనేసరికి అందరికీ నా కూలే కనిపిస్తుంది.

సిటీ ఉద్యోగి: అన్న మాట నిజం. మా ఆఫీసు నుంచి ఓసారి ఇరవై మందిమి ఇలాగే వెళ్లాం. మధ్యాహ్నానికి నాలుగు వరసలు కట్టేసి తెగ మురిసిపోయాం. మేస్త్రి వచ్చి గుండునూలు వేలాడదీశాడు. గోడ వేలెడు మందం ఒరిగింది. ఏమీ అనలేదు పాపం. మేం ఫొటోలు దిగి బస్సెక్కేదాకా ఆగి, రెండు వరసలు ఊడదీశాడట. మా సేవ ఆయనకు రెండింతల పని!

ఖమ్మం కుర్రోడు: అందుకేగా పని తెలిసినవాళ్లే రావాలంటున్నా. పైగా హ్యాబిటాట్ పద్ధతిలో ఇంటివాళ్లూ ఒళ్లు వంచాలి, చూస్తూ కూర్చోరు.

వైర్‌మ్యాన్: నేను రెండిళ్లకు ఉచితంగా వైరింగ్ చేశా. చెప్పుకోవడానికి కాదు, డబ్బు చాలకపోతే జనం ముందు మానేసేది ఎర్త్ వైరే. షాక్ కొట్టేదాకా దాని సంగతి ఎవరికీ పట్టదు. అక్కడ మాత్రం బేరం చూడలేకపోయా. కానీ ఎవరైనా ‘చేయాల్సిందే’ అని ఉంటే వెళ్లేవాణ్ని కాదు.

తాపీ పని: సరే, ఒక మాట. ముగ్గు పోసే రోజు పిలవండి. మూలమట్టం పెట్టి నాలుగు మూలలూ సరిచూసి ఇస్తా. అక్కడ తప్పితే స్లాబ్ దాకా తిప్పలే. పూట పని, డబ్బులొద్దు. గోడలకు మాత్రం కూలి కూలే.

ఖమ్మం కుర్రోడు: గురువారం పొద్దున ఒక ఇంటికి ముగ్గు ఉందన్నా. దారాలు, మేకులు మేం తెస్తాం.