పాత బి-275కి డైనమోనే ఉంచాలా, ఆల్టర్నేటర్ పెట్టించాలా?

కాశీనగరం రైతు:
అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా, కాశీనగరం దగ్గర వంశధార పక్క ఊరు. నాన్నగారు కొన్న బి-275 ట్రాక్టరు ఇప్పటికీ మా పొలంలోనే తిరుగుతోంది. ఇంజనుకి వంక పెట్టక్కర్లేదు, బాధంతా కరెంటుతోనే. రాత్రిపూట లైట్లేసి దమ్ము చేస్తుంటే యాంపియర్ మీటరు ముల్లు మైనస్ వైపే ఉంటోంది. ఎంత రేజ్ చేసినా ప్లస్ వైపు రాదు. రెండు మూడు రాత్రులు వరసగా పని చేస్తే బ్యాటరీ దిగిపోతోంది, తెల్లారి సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంటోంది. హీట్ మీటరు ముల్లు ఎప్పుడు చూసినా కింద గీత దగ్గరే.

ఒక మెకానిక్‌కి చూపిస్తే బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో, దాని కరెంటుని అదుపు చేసే కటౌట్ డబ్బా రెండూ పీకేసి వాటి బదులు కొత్త రకం ఛార్జింగ్ మెషీను, ఆల్టర్నేటర్ పెట్టిద్దాం, మీటర్ బోర్డు కూడా కొత్తది వేద్దాం అన్నాడు. మా బాబాయి ససేమిరా అంటున్నాడు. ఇన్నేళ్ళు నడిచిన డైనమోని బాగు చేయించుకోవాలి గానీ పారేస్తారా అని ఆయన వాదన. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏది మంచిదో, ఎందుకో చెప్పండి.

రాయగడ ట్రాలీ:
మీ మెకానిక్ చెప్పింది కరెక్టే తమ్ముడూ. నేను గుణుపురం వైపు నుంచి పత్తి లోడు తోలతాను. మిల్లు గేటు దగ్గర రాత్రంతా లైన్లో ఉండాలి, లైట్లు ఆపడానికి లేదు, ఇంజను ఐడిల్‌లో ఉంటుంది. ఆ స్పీడులో డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, అంతా బ్యాటరీ మీదే పడుతుంది. ఆల్టర్నేటర్ అయితే ఐడిల్ కాస్త ఎత్తి పెడితే చాలు, 14 వోల్టుల దాకా ఇచ్చేస్తుంది.

ఇంకోటి. డైనమోలో తయారైన కరెంటు మొత్తం కార్బన్ బ్రష్‌ల మీదుగా రావాలి. అందుకే అవి తొందరగా అరుగుతాయి, బ్రష్‌లు ఆనుకుని తిరిగే రాగి పలకల చుట్టు, కమ్యుటేటర్, నల్లబడుతుంది. ఆల్టర్నేటర్‌లో బ్రష్‌ల మీదుగా పోయేది లోపల తిరిగే రోటర్‌కి కావలసిన కొద్ది కరెంటే. డైనమో లోపల తిరిగే తీగచుట్ట, అదే ఆర్మేచర్, చుట్టేవాళ్ళు కూడా మన వైపు తగ్గిపోయారు. రేపు అది మళ్ళీ కాలితే ఎవరి దగ్గరికి తీసుకెళ్తారు?

గుణుపురం ఆటో కరెంట్:
రాయగడ అన్న చెప్పిన లాభాలన్నీ నిజమే, కాదనను. కానీ ఏది పోయిందో చూడకుండానే ఏది మార్చాలో తేల్చేస్తున్నారు. నా అభ్యంతరం అక్కడే. నా దగ్గరికి ఛార్జింగ్ లేదని వచ్చే పాత బళ్ళలో చాలావాటికి డైనమో బాగానే ఉంటుంది.

ముందు ఎర్త్ చూడండి. బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే పట్టీ బోల్టు విప్పండి. దాని కింద పెయింటు, తుప్పు, ఎండిపోయిన దమ్ము మట్టి పొరలు పొరలుగా ఉంటాయి. ఇనుము తెల్లగా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది గట్టిగా బిగించి, పైన వాజిలిన్ పూయండి. తర్వాత మల్టీమీటరు ఒక పిన్ను బ్యాటరీ ఎర్త్ పోస్టు మీద పెట్టండి. వైరు చివర ఉండే లగ్ మీద కాదు, సీసం పోస్టు మీదే. రెండోది ఇంజను బ్లాకు మీద పెట్టి ఇంకొకరి చేత సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ ఇంకా బాగా లేనట్టే.

ఇక డైనమో. వెనక రెండు టెర్మినళ్ళు ఉంటాయి, పెద్దది డి, చిన్నది ఎఫ్. రెండింటి వైర్లూ విప్పి పక్కకి పెట్టండి. ఆ రెండు టెర్మినళ్ళనీ చిన్న వైరు ముక్కతో కలిపి, మీటరు ఒక పిన్ను అక్కడ, ఇంకోటి బాడీకి పెట్టండి. ఇంజను స్టార్ట్ చేసి మెల్లగా రేజ్ పెంచండి. వోల్టేజి తడబడకుండా చకచకా ఎక్కితే డైనమో మంచిదే, తేడా కటౌట్‌లోనో వైరింగులోనో ఉంది. 20 వోల్టులు కనబడగానే రేజ్ తగ్గించేయాలి. మధ్యలో రెగ్యులేటర్ లేదు కాబట్టి అదుపుండదు, ఇంకా పెంచితే కాయిల్ కాలిపోతుంది. ఒక వోల్టు దగ్గరే ఆగిపోతే డైనమో లోపల కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిల్‌ని అనుమానించాలి. ఆరు వోల్టుల చుట్టుపక్కల ఆగితే ఆర్మేచర్. అసలు ఏమీ రాకపోతే బ్రష్‌లు, కమ్యుటేటర్ చూడాలి. ఈ పరీక్షకి పావుగంట చాలు. ఇది చేయకుండా డైనమో పీకమన్నవాళ్ళ మాట వినకండి.

మరో ముఖ్యమైన సంగతి. ఈ మోడలు మొదట ఇంగ్లాండులో డాన్‌కాస్టర్ ఫ్యాక్టరీలో తయారైంది. మన దేశంలో 1963లో మహీంద్రా, ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్ కలిసి కంపెనీ పెట్టి తయారు చేశారు. ఆ కాలం ఇంగ్లీషు బళ్ళలో బ్యాటరీ ప్లస్‌ని బాడీకి కలపడం మామూలే. తర్వాత చేతులు మారిన కొద్దీ కొందరు తిప్పేశారు. మీ బండికి ఏ పోస్టు బాడీకి ఉందో చూసి చెప్పండి. ప్లస్ ఎర్త్ ఉన్న బండికి మామూలు ఆల్టర్నేటర్ కలిపితే దానిలోని డయోడ్లు, అంటే కరెంటుని ఒకవైపే పోనిచ్చే ముక్కలు, ఆ క్షణమే పోతాయి.

రాయగడ ట్రాలీ:
పరీక్ష చేయొద్దని నేననలేదు. డైనమో మంచిదని తేలినా ఐడిల్ సమస్య ఎక్కడికీ పోదు కదా. పాత హెడ్‌లైట్లు రెండు, వెనక నాగలి లైటు ఒకటి వేస్తే పదీ పన్నెండు ఆంపియర్లు లాగేస్తాయి.

గుణుపురం ఆటో కరెంట్:
మీది రోడ్డు పని, ఆయనది పొలం పని. దమ్ములో ఇంజను ఎప్పుడూ రేజ్ మీదే ఉంటుంది. లూకాస్ సి-40 డైనమో సుమారు 22 ఆంపియర్లు ఇస్తుంది, ఆ లైట్లకి అది ఎక్కువే. లైట్లకి ఎల్‌ఈడీ వేసుకుంటే లోడు ఇంకా సగానికి పైగా తగ్గుతుంది. దమ్ము చక్రాలకి పొలం గట్టు మీదే వెల్డింగ్ చేయిస్తారు, బ్యాటరీ వైరు తీయడం ఎవరికీ గుర్తుండదు. డైనమో దాన్ని తట్టుకుంటుంది. ఆల్టర్నేటర్ డయోడ్లకి అంత ఓపిక లేదు.

పర్లాకిమిడి మాస్టారు:
మీరిద్దరూ ఛార్జింగ్ మీదే వాదించుకుంటున్నారు. నాకు హీట్ మీటరు గురించే టెన్షన్‌గా ఉంది. బ్యాటరీ పోతే తోసి స్టార్ట్ చేసుకోవచ్చు, డీజిల్ ఇంజను నడవడానికి కరెంటు అక్కర్లేదు. వేడెక్కి ఇంజను హెడ్ పగిలితే ఆ సీజను పోయినట్టే.

బాబూ, ముందు మీ మీటరు ఏ రకమో చూడండి. వెనక నుంచి సన్నటి రాగి గొట్టం ఇంజను దాకా వెళ్తే అది కరెంటుతో పని చేసేది కాదు. గొట్టం చివర ఉండే చిన్న లోహపు బల్బులో (లైటు బల్బు కాదు) ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. వేడికి ఆ ఒత్తిడి పెరిగి ముల్లుని తిప్పుతుంది. గొట్టం ఎక్కడైనా మడత పడినా చీలినా మీటరు చచ్చినట్టే, ఏ ఎలక్ట్రీషియనూ ఏమీ చేయలేడు. రేడియేటర్ నీళ్ళు కాస్త దించి, బల్బు ఊడదీసి, పొయ్యి మీద నుంచి దించిన వేడినీళ్ళ గిన్నెలో ముంచండి. గొట్టాన్ని మెలిపెట్టకుండా నట్టు మాత్రమే తిప్పాలి. ముల్లు లేస్తే మీటరు మంచిదే.

ఒక్క వైరుతో వచ్చే సెండర్, అంటే ఇంజను వేడిని పసిగట్టి మీటరుకి చెప్పేది, అయితే పరీక్ష వేరు. స్విచ్ వేసి, ఆ వైరు ఊడదీసి బాడీకి తాకించాలి. ముల్లు ఒక్కసారిగా చివరిదాకా పోతే మీటరు, వైరు రెండూ బాగున్నాయి, సెండర్ పోయింది. కొందరు నీళ్ళు కారకుండా సెండర్ మరకి టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టేస్తారు. దానికి ఎర్త్ అందక మీటరు తక్కువ చూపిస్తుంది.

మీటరు బాగుండి కూడా ముల్లు లేవకపోవడానికి ఇంకో రెండు కారణాలున్నాయి. మన వైపు బండి వేడెక్కుతోందంటే చాలు, నీళ్ళు వేడెక్కేదాకా రేడియేటర్‌కి పోనివ్వని థర్మోస్టాట్‌ని తీసి అవతల పడేస్తారు. అప్పుడు ఇంజను సరిగ్గా వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, ముల్లు కిందే ఉంటుంది. రెండోది ప్రమాదం. నీళ్ళు తగ్గిపోయి బల్బు గాలిలో తేలిపోతే, లోపల ఇంజను మాడిపోతున్నా మీటరు చల్లగా చూపిస్తుంది. అందుకే దమ్ముకి దిగే ముందు రేడియేటర్ మూత తీసి నీళ్ళు కళ్ళారా చూడాలి. మూత ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీయాలి.

కొత్త మీటర్ బోర్డు మాత్రం వద్దు. ఆయిల్ మీటరుకి ఆయిల్ నేరుగా గొట్టంలో వచ్చే పాత పద్ధతే నాకు నమ్మకం. బ్యాటరీ ఉన్నా లేకపోయినా అది నిజమే చెబుతుంది. కొత్త బోర్డులో మీటరు ఒక రకం, సెండర్ ఇంకో రకం అయితే రెండింటి రెసిస్టెన్సు కలవదు, తప్పుడు అంకె చూపిస్తుంది. తప్పు చూపించే మీటరు కన్నా చెడిపోయిన మీటరే నయం.

కాశీనగరం రైతు:
అన్నీ చూశాం. బాడీకి ఉన్నది మైనస్ పోస్టే. ఎర్త్ పట్టీ కింద మట్టి గట్టిగా కరుడుకట్టింది. శుభ్రం చేశాక సెల్ఫ్ కొడితే 0.2 వోల్టులే చూపిస్తోంది, సెల్ఫ్ కూడా మునుపటికన్నా జోరుగా తిరుగుతోంది. హీట్ మీటరు రాగి గొట్టం రకం. వేడినీళ్ళలో ముంచితే ముల్లు చక్కగా లేచింది. హౌసింగ్ విప్పితే థర్మోస్టాట్ లేదు, మాస్టారు చెప్పినట్టే ఎప్పుడో ఎవరో తీసేశారు.

డైనమో మాత్రం ఆరు వోల్టుల దగ్గర ఆగిపోయింది. బ్రష్‌లు కొత్తవి వేసినా అంతే. ఇంకో చిక్కు ఉంది. మా బండికి నడిచిన గంటలు, ఇంజను స్పీడు చూపించే అవర్ మీటరు కేబుల్ డైనమో వెనక నుంచే వస్తుంది. ఆల్టర్నేటర్ పెడితే అది ఆగిపోతుంది కదా?

రాయగడ ట్రాలీ:
ఆగిపోతుంది. బ్యాటరీతో నడిచే అవర్ మీటరు విడిగా వేసుకోవచ్చు. కానీ అది గంటలే లెక్కపెడుతుంది, ఇంజను స్పీడు చూపించదు. ఆర్మేచర్ పోయిందంటే మాత్రం నా మాట అదే. దాని తీగ మళ్ళీ చుట్టించే రీవైండింగ్‌కి పెట్టే డబ్బు ఆల్టర్నేటర్ మీద పెట్టండి.

గుణుపురం ఆటో కరెంట్:
ట్రాక్టరు వెనక తిరిగే షాఫ్టు, పీటీఓ, థ్రెషర్‌కి కట్టేవాళ్ళకి ఆ స్పీడు ముల్లు కావాలి. అందుకే ఈ బండికి నేను రీవైండింగే చెబుతాను. చుట్టే మనిషి దగ్గర గ్రౌలర్, అంటే ఆర్మేచర్‌లో షార్టు పట్టుకునే పరికరం, ఉండాలి. ఆర్మేచర్‌ని దాని మీద పెట్టి, హాక్సా బ్లేడుతో షార్టు లేదని మీ ముందే చూపించమనండి. కమ్యుటేటర్ రాగి పలకల మధ్య మైకాని కాస్త లోపలికి గీయించండి. అది పైకి ఉంటే కొత్త బ్రష్‌లు కూడా ఎగిరెగిరి పడతాయి.

ఆల్టర్నేటరే అనుకుంటే కటౌట్ పూర్తిగా తీసేయాలి. ఛార్జింగ్ వైరు లావుది వేయాలి, పాత యాంపియర్ మీటరు మీదుగా పోనివ్వకండి, దాని బదులు వోల్ట్ మీటరు పెట్టండి. ఆల్టర్నేటర్ పని మొదలుపెట్టడానికి కొద్ది కరెంటు ఇచ్చే ఎక్సైటేషన్ వైరు స్విచ్ నుంచి చిన్న వార్నింగ్ బల్బు ద్వారా రావాలి. నేరుగా బ్యాటరీకి కలిపితే బండి నిలిపి ఉంచినా బ్యాటరీ దిగిపోతుంది.

కాశీనగరం రైతు:
బాబాయి, నేను మాట్లాడుకున్నాం. రీవైండింగ్‌కే ఇస్తున్నాం, థర్మోస్టాట్ కొత్తది తెచ్చాం. డైనమో తిరిగి బిగించేటప్పుడు ఇంకేమైనా చూసుకోవాలా?

గుణుపురం ఆటో కరెంట్:
ఎఫ్ వైరు కలపకముందు, బ్యాటరీ ప్లస్ నుంచి ఒక వైరు తెచ్చి ఎఫ్ టెర్మినల్‌కి ఒకటి రెండు క్షణాలు తాకించి తీసేయండి, చిన్న నిప్పురవ్వ వస్తుంది. దాంతో డైనమో లోపలి అయస్కాంతం మీ మైనస్ ఎర్త్‌కి తగ్గట్టు కుదురుకుంటుంది. తర్వాత వైర్లు బిగించి, ఇంజను రేజ్ చేసి యాంపియర్ మీటరు చూడండి.