బ్యాటరీ ఫ్యాక్టరీలు వస్తే పొల్యూషన్ తగ్గుతదా, జాగ మారుతదా?

ఉప్పల్_వాసి:
మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వాళ్ల లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీ సంగతి తెలిసిందే. 2022 డిసెంబర్‌లో సర్కారుతో ఒప్పందమైంది. పదేళ్లలో 9,500 కోట్ల పెట్టుబడి, 16 గిగావాట్ అవర్ల సెల్స్ తయారుచేసే సామర్థ్యం అన్నరు. మా ఆఫీసులో అందరిదీ ఒకటే పాట, ఇదే పర్యావరణానికి మేలు అని. మీరేమంటరు?

పటాన్‌చెరు_శీను:
మాకు ఫ్యాక్టరీల ముచ్చట కొత్తనా? మా పటాన్‌చెరు కాడ నక్కవాగు పక్కన ఎవుసం చేసినోళ్లని అడుగుర్రి. అప్పుడు గూడ ఉద్యోగాలనే చెప్పిన్రు. ఫ్యాక్టరీల నీళ్లకు పొలాలు ఖరాబైనయి, కేసు సుప్రీంకోర్టు దాక పోయింది. పైగా మన కరెంటుల ఎక్కువ బొగ్గుదే. రామగుండంల బొగ్గు కాల్చి కూకట్‌పల్లిల స్కూటర్ చార్జింగ్ పెడితే పొగ పోయినట్టా?

సెల్_ఇంజనీర్:
శీను గారూ, బొగ్గు మాట సగమే నిజం. పెట్రోల్ ఇంజన్‌లో ఇంధన శక్తి చాలా భాగం వేడిగానే పోతుంది, మోటారులో ఆ నష్టం చాలా తక్కువ. పగటి సోలార్ కరెంటును రాత్రికి దాచడానికి కూడా బ్యాటరీలు పనికొస్తాయి.

అసలు అడగాల్సింది ఫ్యాక్టరీ లోపలి సంగతి. ఎలక్ట్రోడ్ రేకుల మీద పూత ఆరబెట్టే ఓవెన్లు, గాల్లో తేమ దాదాపు లేకుండా చూసే డ్రై రూములు కరెంటును తెగ తాగుతాయి. మన జూలై ముసుర్లో ఆ గదిని పొడిగా ఉంచడమంటే మాటలు కాదు! ఆ కరెంటు ఎక్కణ్ణుంచి తెస్తారో కంపెనీని అడగండి. ఒక మంచి మాట కూడా చెప్పాలి. లిథియం, ఇనుము, ఫాస్ఫేటుతో చేసే ఎల్‌ఎఫ్‌పీ రకం బ్యాటరీలో కోబాల్ట్ అనే ఖరీదైన లోహం ఉండదు, పిల్లలతో కూడా తవ్విస్తారనే కాంగో కోబాల్ట్ గనుల గొడవ లేదు. దాని ఎలక్ట్రోడ్‌కు పూసే పౌడర్ తయారీ మీద బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థలో మనవాళ్లే పనిచేశారు.

ఇన్వర్టర్_అన్న:
మేడం, కోబాల్ట్ లేదన్న కాడనే మెలిక ఉంది. నాది ఇన్వర్టర్ల దుకాణం. పాత లెడ్ బ్యాటరీని ఎవ్వరు పారెయ్యరు. దాంట్ల సీసానికి రేటుంది, కొత్తది కొంటే పాతదాని పైసలు బిల్లుల తగ్గిస్తం. కానీ అన్నీ లైసెన్సున్న కాడికే పోతయని అనుకోకుర్రి. ఊరవతల షెడ్లల్ల గొడ్డలితో పగలగొట్టి, యాసిడ్ మట్టిల పోసి, సీసం కరిగిస్తరు. ఆ పొగ పిల్లల మెదడుకు చేటు.

ఇగ ఎల్‌ఎఫ్‌పీల ఉన్నదేంది? ఎక్కువ ఇనుము, ఫాస్ఫేటే. కోబాల్ట్ లేదు గనుకనే రీసైక్లింగోళ్లకు గిట్టుబాటు కాదు. ఉబ్బిన ఎలక్ట్రిక్ ఆటో బ్యాటరీ ప్యాకు ఒకటి, మంట అంటుకుంటదేమోనని దుకాణం ఎనక ఇసుకల పెట్టిన. కబాడాయన దాన్ని ముట్టనే ముట్టడు.

సెల్_ఇంజనీర్:
గిట్టుబాటు మాట ఒప్పుకుంటాను. కానీ 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత కంపెనీలదే. ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీల నుంచి 2026-27 కల్లా 90 శాతం పదార్థాలు తిరిగి రాబట్టాలి.

పటాన్‌చెరు_శీను:
కాగితం మీద నిబంధనలు మాకాడ గూడ ఉండె.

ఇన్వర్టర్_అన్న:
నేను ఫ్యాక్టరీ వద్దనను. కొన్నప్పుడే బిల్లుల డిపాజిట్ పట్టుకోవాలె, పాత ప్యాకు తెస్తే వాపస్ ఇయ్యాలె. పైసలొస్తయంటే జనం వాళ్లే మోసుకొస్తరు.

పటాన్‌చెరు_శీను:
గా డిపాజిట్ ఆటోవాలా నెత్తిన పడితే మాత్రం నేనొప్ప. కంపెనోడే కట్టాలె.